ఇంకా చూస్తున్నారా?

"నాకేదో పాజిటివ్ అంటమ్మా!" అని ఆ పెద్దాయన అరిచిన అరుపుకి హాల్లో ఆయన చుట్టూ ఉన్న వాళ్ళంతా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

నరసరావుపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగం. పేరుకి ఫ్రంట్ ఆఫీసు. బిల్లు కొట్టాలి, ఫోన్లు ఎత్తాలి, పరగడుపున రమ్మంటే ఇడ్లీ తిని వచ్చిన వాళ్ళకి సర్దిచెప్పి మర్నాడు రమ్మనాలి. డిగ్రీలో కంప్యూటర్స్ చదివానన్న ఒక్క కారణంతో ల్యాబ్‌లో వైరు ఉన్న ప్రతి వస్తువూ మెల్లగా నా కిందికి వచ్చి చేరింది. ప్రింటర్ మొరాయించినా నేనే, ఇన్వర్టర్ కూతపెట్టినా నేనే. రిపోర్టులు చూసి సంతకం పెట్టేది మా డాక్టరు గారు. ల్యాబ్ ఆమెదే. అందరం మేడమ్ అంటాం.

ఆ ఏడు మేడమ్ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. రిపోర్టు కోసం మళ్ళీ ఊరి నుంచి రానక్కర్లేదు, ఫోన్లోనే చూసుకోవచ్చు. అక్కడే కూర్చుని చూసుకునే వాళ్ళ కోసం హాల్లో గోడ పక్కన ఒక పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించారు. బిల్లు నెంబరు కొట్టి, ఫోనుకి వచ్చిన ఓటీపీ కొడితే రిపోర్టు తెరుచుకుంటుంది. మా వీధిలో అంత పెద్ద స్క్రీన్ ఇంకే ల్యాబ్‌లోనూ లేదు. పక్క మెడికల్ షాపు వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు.

ఆ పెద్దాయనది నాదెండ్ల. షుగర్ చూపించుకోవడానికి వచ్చాడు. వయసులో మా నాన్న కంటే కాస్త చిన్న, అందుకని బాబాయ్ అని పిలిచాను. "మీ రిపోర్టు అయింది బాబాయ్, ఆ స్క్రీన్‌లో చూసుకోండి" అని నేనే పంపాను. ఆయన వెళ్ళేసరికి స్క్రీన్ మీద ఒక రిపోర్టు అప్పటికే తెరిచి ఉంది. అది తన కోసమే తెరిచి పెట్టారనుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. కరోనా రోజుల్లో ఆ ఒక్క మాట నేర్చుకోని వాళ్ళు మా ప్రాంతంలో లేరు.

నేను కౌంటర్ తలుపు తోసుకుని పరుగెత్తాను.

"ఏందమ్మా ఇది? నేను చూపించుకుంది షుగరే గదా? పాజిటివ్ ఏంది మధ్యలో? నాకేం రోగం వచ్చింది?"

స్క్రీన్ వైపు చూశాను. పైన ఒక ఆడపిల్ల పేరు, వయసు. పరీక్ష గర్భం నిలిచిందో లేదో తెలుసుకునేది. ఫలితం లావు అక్షరాల్లో ఉంది. నా ఒంటితోనే స్క్రీన్‌కి అడ్డం నిలబడి, వెనక్కి చెయ్యి పెట్టి లాగౌట్ బటన్ కోసం తడుముకున్నాను. అది పై మూలన ఎక్కడో చీమంత ఉంటుంది.

"బాబాయ్, ఇది మీది కాదు."

"మరెవరిది?"

"మీది కాదు, అంతే. మీ బిల్లు ఇటివ్వండి."

"ఆడమనిషి పేరు ఉన్నట్టుందే..."

"ఉంటే ఉంది. మీరు చూళ్ళేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఏం అర్థమైందో గానీ గొంతు తగ్గించి, "అట్టాగేలే అమ్మా, నేనేం చూళ్ళేదు" అన్నాడు. తర్వాత ఆయనది తెరిచి చూపించాను. షుగర్ కొంచెం ఎక్కువే ఉంది. అయినా ఏదో పెద్ద గండం తప్పినట్టు, "ఇంతేనా! ఇదెప్పుడూ ఉండేదేగా!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ పేరు మీద పొద్దున నేను బిల్లు కొట్టిన అమ్మాయి మంచినీళ్ళ క్యాన్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎడ్లపాడు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తుందట, మెడలో మిల్లు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. ఆమెని చూశాక ఏం జరిగిందో నాకు అర్థమైంది. అంతకు ముందు ఆమె స్క్రీన్‌లో లాగిన్ అయింది. రిపోర్టు ఇంకా సిద్ధం కాలేదని వచ్చింది. అలాగే వదిలేసి వచ్చి కూర్చుంది. ఈలోగా లోపల మేడమ్ సంతకం పెట్టారు. ఆ పేజీ దానంతటదే మారి, ఫలితాన్ని హాలంతటికీ కనబడేలా తెరిచిపెట్టింది.

ఫలితాలు చెప్పే పని నాది కాదు. ఆమెని పిలిచి మేడమ్ గదిలోకి పంపాను. తలుపు మూసుకుంది. కాసేపటికి లోపలి నుంచి ఒక కేక వినిపించింది. ఏడుపో నవ్వో తెలియలేదు. ఆమె బయటికి వచ్చినప్పుడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. తిన్నగా కౌంటర్ దగ్గరికి వచ్చి వంగి, "అక్కా, ఇందాక ఆ పెద్దాయన చదివింది నాదేనా?" అంది.

"అవునమ్మా. అట్టా జరక్కూడదు. తప్పు మాదే."

"తప్పేం ఉందిలే అక్కా, చల్లటి మాటేగా చదివాడు." అని కళ్ళు తుడుచుకుంది. "మాకు పెళ్ళయి చానా ఏళ్ళయింది. ప్రతిసారీ ముందే అందరికీ చెప్పుకునేదాన్ని. మళ్ళీ అందరూ వచ్చి ఓదార్చేవాళ్ళు. ఈసారి మా ఆయనక్కూడా చెప్పకుండా వచ్చా. మిల్లులో జొరమని చెప్పి వచ్చా. ఆయనకి నేనే చెప్పాలక్కా, నా నోటితోనే. నేను ఇంటికి పోయేలోపల ఎవరన్నా ఫోన్ చేసి చెప్పేస్తారేమోనని నా భయం."

"ఎవరికీ తెలియదు. నువ్వు వెళ్ళు" అన్నాను.

ఆమె మెట్లు దిగి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆమె సంతోషం నాక్కూడా అంటుకుంది. కానీ ఆ సంతోషం అడుగున భయం కూడా ఉంది. ఈ రోజు మంచి ఫలితం కాబట్టి నవ్వి వెళ్ళింది. మా ల్యాబ్‌లో చేసే పరీక్షలన్నీ ఇలాంటివి కావు. కొన్ని ఫలితాలు భార్య చూడకముందు భర్త చూడకూడదు, కొన్ని భర్త చూడకముందు భార్య చూడకూడదు, పక్కింటివాళ్ళు అసలెప్పటికీ చూడకూడదు.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "ఆ స్క్రీన్ ఆపెయ్" అన్నారు.

"ఆపేస్తే జనం మళ్ళీ కౌంటర్ మీద పడతారు మేడమ్. నన్ను చూడనివ్వండి."

"నీకు వచ్చా అది?"

"రాదు. కనుక్కుంటాను."

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశాను. ఎత్తినతను మిర్యాలగూడ అతను. నడికుడి మీదుగా రైలెక్కితే కృష్ణ దాటగానే వాళ్ళ ఊరే. ఆ యాసకి, మా యాసకి మధ్య ఒక వంతెనంత దూరం, అంతే. నేను చెప్పిందంతా విని, "జర మెల్లగ చెప్పక్కా, నువ్వు మా బాస్ కంటే స్పీడున్నవ్" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

"సమజైంది. చూడక్కా, నువ్వు లాగిన్ అయినవనుకో. సర్వర్ నీకొక సెషన్ తెరుస్తది. గీ మనిషి లోపలున్నది, ఈమెకు ఈమె రిపోర్టులు చూపియ్యాలె అని గుర్తు పెట్టుకుంటది. నువ్వు లాగౌట్ కొట్టకుంట లేసిపోతే, నువ్వు పోయినవని దానికెట్ల తెలుస్తది? నువ్వు ఆడనే ఉన్నవనుకుంటది."

"ఎంతసేపు అనుకుంటది?"

"మీ దాంట్ల ఎంత పెట్టిన్రో చూద్దాం. అడ్మిన్ల సెషన్స్ అని ఉంటది, నొక్కు."

నొక్కాను. ఒక పట్టిక తెరుచుకుంది. నేను నోరెళ్ళబెట్టాను. ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిన వాళ్ళంతా ఇంకా లోపలే ఉన్నారు! గురజాల నుంచి వచ్చిన టీచరు గారు, థైరాయిడ్ పరీక్షకి వచ్చిన మా వీధి టైలరు, తిరుపతి వెళ్ళే ముందు చూపించుకుని వెళ్ళిన మా ఇంటి ఓనరు. ఆయన అప్పటికి దర్శనం చేసుకుని తిరిగి కూడా వచ్చేశాడు. మా సర్వర్ లెక్క ప్రకారం మాత్రం ఇంకా మా హాల్లోనే నిలబడి రిపోర్టు చదువుతున్నాడు.

"అన్నా, వీళ్ళంతా ఉన్నారు!"

"ఉంటరు. పెట్టినప్పుడు టైమవుట్ ఎవరూ పట్టించుకోలే. అందుకే మీకు పొద్దుగాల స్లో ఉంటది. గింతమందిని గుర్తువెట్టుకోవాలె గదా పాపం."

పొద్దున పూట సాఫ్ట్‌వేర్ ఈడుస్తూ నడవడం, మేం ఇంటర్నెట్ వాడిని తిట్టుకోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి తప్పు అందులో అణువంత కూడా లేదు. పాత సెషన్లన్నిటినీ ఎంచుకుని ముగించు అన్న బటన్ నొక్కాను. పట్టిక ఖాళీ అయింది. తర్వాతి రిపోర్టు చిటుక్కున తెరుచుకుంది. ఒళ్ళు పులకరించింది నాకు. పెళ్ళయ్యాక, పిల్లాడు పుట్టాక, చదివిన చదువులో ఒక్క ముక్కయినా నాకు పనికొస్తుందని నేను నమ్మడం మానేసిన రోజులవి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆయనకి సెషన్ అంటే ఏమిటో అన్నం వడ్డిస్తూ చెప్పాను. ఆయన అన్నీ విని, "అయితే మన ఓనరు తిరుపతి పోలేదంటావా?" అన్నాడు.

ఉత్సాహం ఎక్కువైతే జరిగేది మర్నాడు జరిగింది. ఎవరూ రిపోర్టు ముందు ఒక్క నిమిషం కంటే ఖాళీగా నిలబడరని నేనే లెక్కేసుకుని, టైమవుట్ ఒక నిమిషం పెట్టేశాను. ఏమీ నొక్కకుండా నిమిషం గడిస్తే సెషన్ ముగిసిపోతుంది.

పొద్దున్నే ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మొదటి వరస చదివారో లేదో స్క్రీన్ మాయమైంది. మళ్ళీ లాగిన్ అయ్యారు. రెండో వరస దగ్గర మళ్ళీ పోయింది. మూడోసారి నా వైపు తిరిగి, "అమ్మాయ్, మీ కంప్యూటర్‌కి రైలేమన్నా తప్పిపోతుందా?" అన్నారు. హాలంతా నవ్వు. నేను ఆయనకి ప్రింటు తీసిస్తుండగానే మేడమ్ గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఏమ్మా, ఏం చేశావు? ఆ నాలుగు ముక్కలు రాసేలోపల నన్ను బయటికి తోసేస్తోంది. ఇది మూడోసారి!"

నేను పెట్టిన నిమిషం జనానికే కాదు, మేడమ్‌కి కూడా వర్తించింది. ఒక రిపోర్టు కింద ఆవిడ ఆలోచించి ఆలోచించి రాస్తున్న అభిప్రాయం మూడుసార్లూ గాల్లో కలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మిర్యాలగూడ అన్నకి ఫోన్ చేస్తే అవతల ఒకటే నవ్వు.

"అందరికీ ఒకటే పెడితే గట్లనే అయితది అక్కా. డాక్టరమ్మకు వేరే, హాల్ల దానికి వేరే పెట్టాలె. నేనొక సెట్టింగ్ చూపిస్త. కానీ హాల్ల ఎంత పెట్టాల్నో నాకెట్ల తెలుస్తది? మీ జనాన్ని నువ్వే చూడాలె."

చూశాను. కౌంటర్‌లో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి, హాల్లో ఒక కుర్చీ లాక్కుని, జనం రిపోర్టు ఎలా చదువుతారో చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్ళుగా రిపోర్టులు ఇస్తున్నానే గానీ వాటిని చదివే మనుషుల్ని అంతవరకు చూడలేదు. కుర్రవాళ్ళు ముందు ఎర్ర అక్షరాల కోసం వెతుకుతారు. అవి లేకపోతే చదవకుండానే వెళ్ళిపోతారు. మొగుడూ పెళ్ళాలు వస్తే ఆమె చదువుతుంది, ఆయన "ఏమంది? ఏమంది?" అంటుంటాడు. పెద్దవాళ్ళు స్క్రీన్‌ని ఫోన్లో ఫోటో తీసి ఎవరికో పంపి, వాళ్ళు జవాబు చెప్పేదాకా కదలకుండా అక్కడే నిలబడతారు. ఒకామె ముందు దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే కళ్ళు తెరిచింది. వీళ్ళలో ఎవరినీ మధ్యలో గెంటెయ్యకూడదు. అలాగని వెళ్ళిపోయిన వాళ్ళ రిపోర్టు ఒక్క క్షణం కూడా మిగిలి ఉండకూడదు.

అప్పుడు తట్టింది. మనిషి ఉన్నాడో లేడో తెలియాలంటే మనిషినే అడగాలి! హాల్లో దానికి రెండు నిమిషాలు టైమవుట్ పెట్టి, అంతకంటే బాగా ముందే స్క్రీన్ మొత్తం కప్పేస్తూ ఒక ప్రశ్న వచ్చేలా చెయ్యమని అడిగాను. ప్రశ్న రాగానే వెనక రిపోర్టు కనబడకూడదు. చూస్తున్న వాళ్ళు వేలు పెడితే మళ్ళీ తెరుచుకోవాలి. ఎవరూ తాకకపోతే సెషన్ ముగిసిపోవాలి.

"మస్తుంది అక్కా. ఏం రాయమంటవ్?"

"ఇంకా చూస్తున్నారా? అని రాయి. కింద రెండు పెద్ద బటన్లు. అవును, అయిపోయింది. తెలుగులో. లావు అక్షరాలు."

అతను రెండ్రోజుల్లో చేసి పెట్టాడు. మొదటిసారి ఆ ప్రశ్న వచ్చినప్పుడు స్క్రీన్ ముందున్న ఒక ముసలామె ఉలిక్కిపడి, "ఆఁ, చూస్తన్నానయ్యా!" అని దానికి నోటితోనే జవాబు చెప్పింది. నేను పరుగెత్తుకెళ్ళి ఆమె వేలు పట్టుకుని బటన్ మీద పెట్టించాను. రిపోర్టు మళ్ళీ తెరుచుకోగానే ఆమె నా వైపు చూసి బోసినోటితో నవ్వింది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ సంబరంలో ఉండగా ఫోన్లో మిర్యాలగూడ అన్న, "లాగౌట్ అయినవా? ఇప్పుడు బ్యాక్ బాణం నొక్కు" అన్నాడు.

నొక్కాను. ముగించేసిన రిపోర్టు నిక్షేపంలా ముందుకొచ్చి నిలబడింది.

"ఇదేంటన్నా! సెషన్ పోయిందిగా!"

"సెషన్ పోయింది. కానీ బ్రౌజర్ దాని నకలు దాసుకున్నది. మళ్ళ అడిగితే జెల్ది సూపియ్యనీకి. అదే క్యాష్. సెషన్ ఒక్కటి మూస్తే సరిపోదు, క్యాష్ సుత క్లియర్ చెయ్యాలె."

స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కనే బిల్లులు చూసుకునే మా క్యాషియర్ తలెత్తి, "పొద్దుపోకముందే క్యాష్ క్లియర్ చేసేదేంది? ఇంకా జనం ఉన్నారుగా" అన్నాడు. అతనికి ఇది వేరే క్యాష్ అని చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. ఇప్పటికీ అతను నన్ను చూస్తే, "మీ క్యాష్ సంగతేంది?" అని అడుగుతాడు.

రిపోర్టు పేజీలని బ్రౌజర్ అసలు దాచుకోకుండా చెప్పే వీలు ఉందట. అది అతను పెట్టాడు. హాల్లో కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ తెరిచి చూడమన్నాడు. తెరిచాను. జనం నొక్కిన ప్రతి రిపోర్టూ అక్కడ ఒక ఫైలుగా పడి ఉంది. కిందికి జరుపుతున్నాను, జరుపుతున్నాను, అయిపోవడం లేదు. మా ఊళ్ళో సగం మంది రక్తం గురించి ఆ ఒక్క ఫోల్డరుకి తెలుసు. అన్నీ తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ప్రతి సెషన్ ముగిశాక ఆ ఫోల్డరు దానంతటదే శుభ్రమయ్యేలా కూడా అతనే చూపించాడు.

మిగిలింది సర్వర్. అక్కడ కూడా సాఫ్ట్‌వేర్ ప్రతి రిపోర్టుకీ ఒక నకలు చేసుకుని దాస్తోందట. డిస్కు నిండిపోవడానికి వచ్చింది.

"చెరిపేస్తే రిపోర్టులు పోవా అన్నా?"

"పోవు. అసలు రిజల్టంత డేటాబేస్ల ఉంటది. ఇవి వండిపెట్టిన ప్లేట్లు అనుకో. పారేసినా మళ్ళ వండుతది. నమ్మకం లేకుంటే నీ రిపోర్టు మీదనే చూడు."

నాకు ఎప్పుడో చేసిన హీమోగ్లోబిన్ రిపోర్టు ఒకటి ఉంది. దాని నకలు వెతికి పట్టుకుని చెరిపేశాను. ఫోల్డరులో అది లేదు. వెబ్‌లో నా రిపోర్టు తెరిచాను. ఒక క్షణం చక్రం తిరిగింది. వచ్చేసింది! అవే అంకెలు, అదే తేదీ. ఫోల్డరులో చూస్తే కొత్త నకలు వచ్చి కూర్చుంది. మళ్ళీ చెరిపాను, మళ్ళీ వచ్చింది. పిల్లలు స్విచ్చితో ఆడినట్టు ఆడాను కాసేపు.

ఆ ధైర్యంతో మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఫోల్డరు మొత్తం ఖాళీ చేశాను. డిస్కు సగానికి పైగా ఖాళీ అయింది. తర్వాత వచ్చిన మొదటి రిపోర్టు ప్రింటు తీసి మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎంత వేగంగా వచ్చిందో చూపిద్దామని.

మేడమ్ చూసి, "నా సంతకం ఏది?" అన్నారు.

సంతకం లేదు. కాగితం అడుగున, ఆవిడ పేరు పైన ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఇంకొకటి తీశాను. దానికీ లేదు. సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో ఎవరో మేడమ్ సంతకం బొమ్మని స్కాన్ చేసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఈ నకళ్ళ ఫోల్డరులోనే పడేసి వెళ్ళారు. నకళ్ళతో పాటు దాన్నీ ఊడ్చేశాను. ఆ ఒక్క దానికి మాత్రం అసలు ఇంకెక్కడా లేదు.

అప్పటికే సాయంత్రం జనం మెట్లెక్కి వస్తున్నారు. ఏడుపు ముఖంతో విషయం చెప్పాను. మేడమ్ తిడతారనుకున్నాను. ఆవిడ సొరుగులోంచి తెల్ల కాగితం లాగి, నల్ల పెన్ను మూత తీశారు.

"పోతే పోయిందిలే. అది నాకెప్పుడూ నచ్చలేదు. ఆ రోజు వాళ్ళు తొందరపెడితే నిలబడి గీకాను."

ఒక సంతకం పెట్టారు. తల అడ్డంగా ఊపారు. ఇంకోటి పెట్టారు. "ఇది మా అమ్మ సంతకంలా వచ్చింది" అన్నారు. పేజీ నిండా పెట్టుకుంటూ వెళ్ళారు, స్కూలు పిల్లలా. చివరికి ఒకదాని చుట్టూ గీత గీసి, "ఇది బాగా కుదిరింది, తీసుకెళ్ళు" అన్నారు. నేను పరుగున వెళ్ళి స్కాన్ చేసి, ఈసారి పెట్టాల్సిన చోట పెట్టి, ఇంకో రెండు చోట్ల కూడా దాచాను. ప్రింటు తీశాను. కొత్త సంతకం రిపోర్టు అడుగున నల్లగా నిగనిగలాడుతోంది. మేడమ్ దాన్ని చేతిలోకి తీసుకుని దూరం పెట్టి చూసి, "రిపోర్టుకే కళ వచ్చింది" అన్నారు. ఆ తర్వాత నకళ్ళు చెరపడం రోజూ మధ్యాహ్నం దానంతటదే జరిగేలా పెట్టాం. పాతబడ్డవి మాత్రమే పోతాయి. అందులో ఫైళ్ళు దాచకూడదని మానిటర్ మీద చీటీ అంటించాను.

వానలు మొదలయ్యే ముందు మాచర్లలో వైద్య శిబిరం పెట్టారు. పరీక్షలు మా ల్యాబ్ వంతు. "స్క్రీన్ కూడా తీసుకెళ్దాం, నువ్వు రా" అన్నారు మేడమ్. వ్యానులో స్క్రీన్‌ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు దాటాం, గురజాల దాటాం, రెంటచింతల దగ్గర ఎండకి వ్యాను రేకు ముట్టుకోలేకపోయాం. నా లోపల మాత్రం ఒకటే హుషారు.

కల్యాణ మండపం అప్పటికే నిండిపోయింది. తండాల నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో దిగుతున్నారు. ఇంటర్నెట్ నా ఫోన్ నుంచే. పొద్దున రక్తం తీశారు, పది దాటాక రిపోర్టులు రావడం మొదలైంది. స్క్రీన్ ముందు లైను కట్టారు. నేను ల్యాప్‌టాప్‌లో సెషన్ల పట్టిక తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఒకరి సెషన్ పుడుతోంది, ముగుస్తోంది, ఇంకొకరిది పుడుతోంది. ఓటీపీ ఇంట్లో ఉన్న ఫోనుకి వెళ్ళిందని ఒకాయన వేరే వాళ్ళ ఫోన్ అడుక్కుని, "ఒరేయ్, నా ఫోనుకి అంకెలు వచ్చినయ్యి చూడు! ఆ, గట్టిగా చదువు!" అని అరుస్తున్నాడు. "గట్టిగా వద్దు, మెల్లగా చదవమనండి" అని నేను ఇటు నుంచి అరుస్తున్నాను.

జనం బాగా కిక్కిరిసి ఉన్నప్పుడు అది జరిగింది. ఎర్రచీర కట్టుకున్న ఒకామె రిపోర్టు తెరిచింది. సగం చదివిందో లేదో బయట ఆటో కదులుతోందని ఎవరో కేకేశారు. ఆమె ఉన్నపళంగా కొంగు దోపుకుని పరుగెత్తింది. రిపోర్టు స్క్రీన్ మీద అలాగే ఉండిపోయింది. లైనులో ఆమె వెనక ఉన్నాయన చేతిలో బిల్లు, ఇంకో చేతిలో ఫోను, రెండూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఓటీపీ వెతుక్కుంటున్నాడు. ఇంకా తలెత్తలేదు. నాకూ స్క్రీన్‌కీ మధ్య గోడలా జనం. లేచి నిలబడ్డాను. తోసుకుని వెళ్దామంటే సందు లేదు. ముగించేద్దామని ఆమె సెషన్ ఏదో పట్టికలో వెతుకుతున్నాను.

అప్పుడే స్క్రీన్ మొత్తం నీలంగా మారింది. ఇంకా చూస్తున్నారా?

ఎవరూ తాకలేదు. కాసేపటికి ఆ నీలం కూడా పోయి, ఖాళీ పేజీ వచ్చింది. బిల్లు నెంబరు కోసం ఒక తెల్ల గడి, అంతే. పట్టికలో ఆ వరస మాయమైంది. అక్కడే, అంతమందిలో, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. పక్కన రక్తం తీస్తున్న నర్సు, "ఏందక్కా, ఏమైంది?" అంది. ఏమని చెప్పను!

ఆయన తలెత్తి స్క్రీన్ చూశాడు. వెనక్కి తిరిగి నన్ను పిలిచాడు.

"ఏందమ్మా, ఇందులో ఏమీ లేదే?"

"ఏమీ ఉండదు బాబాయ్, మీ నెంబరు కొట్టండి. మీది మీకే వచ్చిద్ది."

జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన ఒక్కో అంకె పైకి చదువుకుంటూ కొట్టాడు. రిపోర్టు తెరుచుకుంది. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు.

"బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"ఈ వయసులో!" అని ఆయన తొడ చరుచుకుని, లైను వైపు తిరిగి, "నాది ఫస్ట్ క్లాసంట!" అని అందరికీ వినబడేలా చెప్పుకున్నాడు. ఆయనది ఆయనే చెప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. అయిపోయింది అన్న బటన్ ఆయన చేతే నొక్కించి, తర్వాతి మనిషిని రమ్మన్నాను.